ఊరి పేరు సరే, మీ పేరేదీ?

మా ప్రెస్‌కి కొత్తగా వ్యాపారం పెట్టేవాళ్లు వస్తే మొట్టమొదట అడిగేది లోగో. తర్వాత రంగులు. ఆ తర్వాత, "ఇన్‌స్టాలో పెడితే కొట్టొచ్చినట్టు కనబడాలండి" అంటారు. శ్రీకాకుళంలో శుభలేఖలూ బిల్లు బుక్కులూ అచ్చేసుకుంటూ బతికిన మాలాంటి ప్రెస్సులకి ఇప్పుడు స్టిక్కర్ల మీదే రోజు గడుస్తోంది. పచ్చళ్లు, గానుగ నూనెలు, జీడిపప్పు, చీరలు, ట్యూషన్లు, యోగా క్లాసులు, అన్నీ బ్రాండ్లే. సంతోషమే. కానీ లోగో గీసి డబ్బులు తీసుకునేవాడిగా నా కడుపు నేనే కొట్టుకునే మాట ఒకటి చెప్పాలి. లోగోతో బ్రాండ్ రాదు. సరుకు బాగోలేనప్పుడు ఎవర్ని అడగాలో కొన్నవాడికి తెలియాలి. అడిగితే అవతల ఒక మనిషి పలకాలి. అప్పుడది బ్రాండ్. పలికే మనిషి లేకపోతే ఎంత మెరిసే పౌచ్ అయినా చించి పారేసేదే.

ఇందులో కొత్తేముంది అనొచ్చు. మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఈ మాట చెప్పాల్సిన అవసరం కాస్త ఎక్కువే ఉంది. ఎందుకంటే మన ఊళ్ల పేర్లు పెద్దవి. పలాస జీడిపప్పు, పొందూరు ఖద్దరు, బొబ్బిలి వీణ, బుడితి ఇత్తడి, భీమాలి మామిడి తాండ్ర. ఎవరో తరాల తరబడి చేతులు అరగదీసుకుని సంపాదించి పెట్టిన పేర్లు ఇవి. వాటి వెనక నిలబడితే చాలు, సరుకు ఎలాగోలా అమ్ముడుపోతుంది. అందుకే మనవాళ్లు అక్కడే ఆగిపోతున్నారు. లేబుల్ మీద ఊరి పేరు పెద్ద అక్షరాల్లో ఉంటుంది, తయారుచేసినవాడి పేరు భూతద్దం పెట్టి వెతికినా ఉండదు.

పలాస సంగతే తీసుకోండి. పలాస-కాశీబుగ్గలో ఏ వీధిలోకి వెళ్లినా జీడి వాసనే. పిక్కల్ని ఆవిరికి ఉడికించి, పెంకు కోసి, పప్పు ఆరబెట్టి, పొట్టు తీసి, గ్రేడ్లుగా ఏరతారు. పొట్టు తీయడం, ఏరడం ఎక్కువగా ఆడవాళ్ల చేతుల మీదుగానే జరుగుతుంది. గ్రేడుకో లెక్కుంది. డబ్ల్యూ 240 అంటే పౌనుకి, అంటే దాదాపు 454 గ్రాములకి, 220 నుంచి 240 గుండ్లు, అంటే విరగని పప్పులు, తూగే రకం. 320 అంటే 300 నుంచి 320. నంబరు పెరిగేకొద్దీ గుండు చిన్నదవుతుంది. 180 అయితే బాగా లావు, ధరా బాగా ఎక్కువే. గుండు వేరు, బద్ద వేరు, ముక్క వేరు. ఈ వ్యాపారంలో ఉన్నవాళ్లు గుప్పెట్లో పోసుకుని చూసి చెప్పేస్తారు. హైదరాబాద్‌లో కొనే మనిషికి ఇవేమీ తెలియవు. అతనికి తెలిసింది "పలాస" ఒక్కటే.

ఇప్పుడు ఆ పౌచ్‌లో ఏముందో ఆ ఒక్క మాట చెప్పగలదా? 240లో 320 కలిపారా? నిరుడు మిగిలిన సరుకా? అసలు ఆ పిక్క ఎక్కడిది? పలాస చుట్టుపక్కల ఉద్దానంలో పండిందా, ఆఫ్రికా నుంచి ఓడలో వచ్చిందా? ఈ చివరి ప్రశ్నకి మనవాళ్లు భుజాలు తడుముకుంటారు గానీ, ఇందులో తప్పేమీ లేదు. ఫ్యాక్టరీలు ఏడాది పొడుగునా నడవాలంటే ఇక్కడి పంట చాలదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానం జీడితోటల్ని ఎలా పడుకోబెట్టిందో చూసినవాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు. బయటి పిక్క తెచ్చి పలాసలో కోసి, పలాస పనివాళ్ల చేత్తో ఏరితే అదీ పలాస పనితనమే. అయితే ఆ మాట చెప్పాలి. "ఉద్దానం పిక్క" అని ఒక రకం, "పలాసలో తయారీ" అని ఇంకో రకం పెట్టి, రెండు ధరలు రాసి అమ్మే ధైర్యం ఎవరికైనా ఉందా? 80 కిలోల బస్తాకి ఇంత ధర కట్టాలని సీజన్‌లో రోడ్డెక్కే ఉద్దానం రైతుకి కూడా అలాంటి లేబుల్ వల్లే నాలుగు డబ్బులు ఎక్కువొస్తాయి. అది రాయాలంటే కింద ఒక మనిషి పేరు ఉండాలి. "పలాస" అనే మాట ఎవరి సొత్తూ కాదు కాబట్టి దాని మీద పడ్డ మచ్చ కూడా ఎవరిదీ కాదు.

హైవే పక్కన ఓ కొట్లో నేనే ఒకసారి అరకిలో కొన్నాను. ఇంటికొచ్చి విప్పితే సగం ముక్కిపోయి ఉంది. పౌచ్ తిప్పి తిప్పి చూశాను. ముందువైపు బంగారు రంగులో "ప్రీమియం", దాని కింద జీడిపప్పు ఫొటో. ఆ పౌచ్ నాకు బాగా తెలుసు, బజార్లో రెడీమేడ్‌గా దొరికేదే. సొంత డిజైన్‌తో పౌచ్ అచ్చేయించాలంటే రంగుకో అచ్చు సిలిండర్ చేయించాలి, వేల సంఖ్యలో ఆర్డర్ ఇవ్వాలి. చిన్నవాళ్లకి అది గిట్టదు. అందుకని రెడీమేడ్ పౌచ్ కొని, మీద స్టిక్కర్ అంటిస్తారు. అందులో ఏ తప్పూ లేదు. తప్పల్లా స్టిక్కర్‌లో ఉంది. "పలాస జీడిపప్పు" అన్న రెండు మాటలు తప్ప దాని మీద ఇంకేమీ లేదు. ఊరు లేదు, వీధి లేదు, ఫోన్ నంబరు లేదు, తేదీ లేదు. నేను ఎవరి మీద కోప్పడాలి? పలాస మీదా? నాలాంటివాళ్లు ఎంతమంది నిజంగానే పలాస మీద కోప్పడి మానేసి ఉంటారో.

నిజానికి చట్టం ఎప్పుడో చెప్పింది. ప్యాకెట్లలో అమ్మే సరుకుల మీద ఏమేం ఉండాలో 2011 నాటి లీగల్ మెట్రాలజీ (తూనికలు కొలతల) నిబంధనల్లో రాసి ఉంది. తయారుచేసినవారిదో ప్యాక్ చేసినవారిదో పేరు, అడ్రసు, నికర బరువు, ఎంఆర్‌పీ, తయారైన నెల, సంవత్సరం, ఫిర్యాదు చేయాలంటే ఎవరికి చేయాలో ఆ వివరాలు ఉండాలి. తినే వస్తువైతే 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రతా సంస్థ) నంబరు కూడా వేయాలి. మా దగ్గరికొచ్చేవాళ్లు వీటన్నిటినీ పన్ను కట్టినట్టు చూస్తారు. "మూలకి చిన్నగా వేసేయండి" అంటారు. నేను అంటాను, స్టిక్కర్ మొత్తంలో పనికొచ్చే ముక్క అదేనండీ, దాన్నే పెద్దగా వేద్దాం అని. నవ్వేసి ఊరుకుంటారు. ఒకాయనైతే, "ఫోన్ నంబరేస్తే ఫోన్లు చేసేస్తారు కదండీ!" అన్నాడు. మరెందుకు వేస్తారండీ?

ఇక పేర్ల దగ్గరికి వద్దాం. నాకు ఎక్కువ కడుపుమంట ఇక్కడే.

మామిడి తాండ్ర చేసే ఒకావిడ విజయనగరం వైపు పల్లె నుంచి మా ప్రెస్‌కి వచ్చారు. వెంట వాళ్ల అక్క కొడుకు, విశాఖలో చదువుకుంటున్న కుర్రాడు. ఫోన్లో డిజైన్ తెచ్చాడు. నల్ల రంగు మీద బంగారు కిరీటం, కింద ఇంగ్లీషులో "రాయల్ మ్యాంగో డిలైట్". ఆవిడ ఆ బొమ్మకేసి చూసి, "బాగుంది బాబూ, మందుసీసా మీద బొమ్మలాగుంది" అన్నారు. కుర్రాడు ఉడుక్కున్నాడు.

"అమ్మా, మీ ఊళ్లో ఈ తాండ్రని ఏమని అడుగుతారు?" అన్నాను.

"ఏటంటారు బాబూ, నా పేరు చెప్పి ఆవిడ తాండ్ర ఉందేటి అంటారు."

ఆ పేరు అప్పలతో మొదలవుతుంది. మన వైపు గడపకో అప్పల ఉంటుంది. సింహాద్రి అప్పన్న చలవ. అరసవల్లి సూర్యనారాయణమూర్తి దయవల్ల సూర్యనారాయణలు, విజయనగరం పైడితల్లమ్మ పేరు మీద పైడిరాజులు, పైడితల్లిలు ఎందరున్నారో అప్పలలూ అంతమంది ఉంటారు. ఆ పేరు వేద్దామన్నాను. పిన్ని కన్నా ముందు కుర్రాడే, "వద్దు సార్, నవ్వుతారు" అన్నాడు.

ఎవరు నవ్వుతారు? సినిమాల్లో నవ్వుతారు. మన యాస వినబడిందంటే పనివాడో, దొంగో, అమాయకుడో తెర మీదికొచ్చాడన్నమాట. ఏళ్ల తరబడి చూసి చూసి మనకే మన పేర్లు నామోషీ అయిపోయాయి. అందుకే మన బజార్ల బోర్డుల మీద అందరూ కనబడతారు, మనం తప్ప. హైదరాబాద్ బిర్యానీ, బెంగళూరు బేకరీ, ఆత్రేయపురం పూతరేకులు. అవన్నీ ఉండాలి, మంచివే. మరి విశాఖలోనో హైదరాబాద్‌లోనో మనవాళ్లు పెట్టిన హోటళ్ల మీద మన ఊళ్ల పేర్లు ఎన్ని కనబడతాయి? శ్రీకాకుళం మనిషి పెట్టిన టిఫిన్ సెంటర్ బోర్డు మీద ఇంకో ఊరి పేరు చూసి చట్నీ వేయించుకున్నవాణ్ణి నేను.

కుర్రాడికి సెంటిమెంట్ చెప్తే వినడని లెక్కల్లో చెప్పాను. ఇంగ్లీషులో "రాయల్", "ప్రీమియం", "డిలైట్" అని పెట్టుకున్న సరుకులు ఏ సూపర్ మార్కెట్లో చూసినా కనబడతాయి. ట్రేడ్ మార్క్ కోసం దరఖాస్తు పెడితే సరుకు గుణాన్ని పొగిడే మాటలకి, ఊరి పేరు ఒక్కదానికి రిజిస్ట్రేషన్ దొరకడం కష్టం. 1999 నాటి ట్రేడ్ మార్క్స్ చట్టంలో తొమ్మిదో సెక్షన్ పని అదే. "తీపి", "స్వచ్ఛమైన", "పలాస" లాంటి మాటల్ని ఎవరో ఒకరికి రాసిచ్చేస్తే మిగతావాళ్లు నోరు కట్టేసుకోవాలి కదా. దేవుడి పేర్లతోనూ ఇబ్బందే. శ్రీ వేంకటేశ్వర, లక్ష్మి, సాయి అని పెట్టుకున్నవాళ్లు ఇప్పటికే దేశమంతా ఉన్నారు. అదే ఈవిడ పేరూ ఇంటిపేరూ కలిపి ఒక ప్రత్యేకమైన రాతలో, ఒక గుర్తుతో పెడితే, అలాంటిది ఇంకొకటి ఉండే అవకాశం తక్కువ. వ్యక్తిగతంగా గానీ చిన్న పరిశ్రమగా గానీ ఆన్‌లైన్‌లో వేస్తే ఒక్కో సరుకుల తరగతికి 4,500 రూపాయల ఫీజు, పెద్ద కంపెనీలకైతే 9,000. చిన్న పరిశ్రమ అనిపించుకోవడానికి ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం. రిజిస్ట్రేషన్ వస్తే పదేళ్లు, తర్వాత మళ్లీ పదేళ్లకి పొడిగించుకోవచ్చు. తాండ్ర వచ్చేది 29వ తరగతిలో. ఇంకో సంగతి. రిజిస్ట్రేషన్ రాకముందే పేరు పక్కన గుండ్రంలో "ఆర్" గుర్తు వేయకూడదు, చట్టం ఒప్పుకోదు. "టీఎం" అని వేసుకోవచ్చు. ఈ తేడా తెలియక "అందంగా ఉంటుంది, ఆర్ వేసేయండి" అనేవాళ్లు వస్తూనే ఉంటారు.

ఆవిడ పేరే వేశాం. పసుపు రంగు మీద ఎర్ర అక్షరాలు, తెలుగులో. కింద ఊరు, మండలం, ఫోన్ నంబరు. బొమ్మ ఒకటి ఉండాలన్న కుర్రాడి ముచ్చట కాదనకుండా కిరీటం తీసేసి మామిడి పిందె వేశాం.

"ఊరి పేరుకి జీఐ ఉంది కదా, ఇంకా మా పేరెందుకు?" అని అడిగేవాళ్లున్నారు. మంచి ప్రశ్నే. జీఐ అంటే భౌగోళిక సూచిక, ఒక ఊరి సరుక్కి ఆ ఊరి పేరు మీద ఇచ్చే గుర్తింపు. అది ఊరందరి ఉమ్మడి ఆస్తి. దానికీ 1999లోనే వేరే చట్టం వచ్చింది, రిజిస్ట్రీ చెన్నైలో ఉంది. బొబ్బిలి వీణకీ, బుడితి ఇత్తడికీ ఆ గుర్తింపు ఉంది. అది ఊరి చుట్టూ కట్టిన ప్రహరీలాంటిది. బయటివాడు లోపలికొచ్చి ఆ పేరుతో అమ్మకుండా ఆపుతుంది. లోపల ఎవరి ఇల్లు ఎలా ఉందో అది చెప్పదు. ఆ చట్టంలోనే చూడండి, పేరు సంఘానిదో సంస్థదో అయినా, దాన్ని వాడుకునే తయారీదారు ఎవరికి వారు అధీకృత వాడకందారుగా విడిగా నమోదు చేయించుకోవాలి. మనవాళ్లు జీఐ వచ్చిందని పేపర్లో ఫొటో చూసి మురిసిపోయి, ఆ రెండో పని దగ్గర చతికిలబడతారు.

బొబ్బిలి వీణ గురించి ఒక్క మాట. పనస కర్రని, ఒకే దుంగని, తొలిచి చేసే వీణ అది. గొల్లపల్లిలో ఆ పని చేసేవాళ్ల ఉలి దెబ్బలు చూడ్డానికే ఒకసారి వెళ్లాలి. చిన్న చిన్న బొమ్మ వీణలు చేస్తారు, మంత్రులకీ గవర్నర్లకీ సభల్లో జ్ఞాపికలుగా ఇస్తారు. నేను చేత్తో పట్టుకుని చూసిన జ్ఞాపికల మీద ఇచ్చినవాడి పేరుంది, పుచ్చుకున్నవాడి పేరుంది, సభ తేదీ ఉంది. చేసినవాడి పేరు లేదు. అంత పనితనం ఎవరిదో తెలుసుకోవాలంటే దారి లేదు. వీణ అడుగున వేలెడంత ఇత్తడి రేకు కొడితే చాలు. అది కొట్టేవాడికి నేను అక్షరాలు ఉచితంగా చెక్కించి పెడతాను, రాసి పెట్టుకోండి.

పొందూరు సంగతి ఇంకో రకం. అక్కడ గుడ్డే ఒక సంతకం. కొండపత్తిని వాలుగ చేప దవడతో ఏకి, గింజని చేత్తో తీసి, ఒంటి కదురు రాట్నం మీద వడికితే నూరో నంబరు సన్నని నూలు వస్తుంది. గాంధీగారు ఆ నేత చూసి ముచ్చటపడి కొడుకు దేవదాసుని పంపించి పని తెలుసుకున్నారు. 1949 నుంచి అక్కడ ఫైన్ ఖాదీ కార్మికుల సంఘం నడుస్తోంది. ఇంత చరిత్ర ఉన్నా, బజార్లో పవర్‌లూమ్ గుడ్డ మీద "పొందూరు" ముద్ర వేసి అమ్మేవాడు అమ్ముతూనే ఉన్నాడు. కొనేవాడికి తేడా తెలిసేలోగా రెండు ఉతుకులు పడతాయి. సంఘం దుకాణంలో కొంటే భయం లేదు. మరి బయట? పంచె అంచున నూలు వడికినామె పేరు, నేసినాయన పేరు ఉన్న చిన్న చీటీ కుట్టి ఉంటే దొంగకి అది అంత సులువుగా కుదరదు. పేరునే దొంగిలించినా, ఆ పేరు గల మనిషికి ఫోన్ చేస్తే తేలిపోతుంది.

ఊరి పేరూ, ఇంటి పేరూ, సొంత పేరూ మూడూ కలిపి మోసిన మనిషి మనకి ఎప్పుడో ఉన్నారు. అజ్జాడ ఆదిభట్ల నారాయణదాసు. 1864లో పుట్టారు. అజ్జాడ చిన్న ఊరు. ఆ ఊరి పేరు ఇవాళ్టికీ తెలుగువాళ్లకి తెలుసంటే ఆయన పేరుకి ముందు అది ఉండబట్టే. 1919లో విజయనగరంలో సంగీత కళాశాల పెడితే మొదటి ప్రిన్సిపాల్ ఆయనే. హరికథా పితామహుడన్నారు. ఇప్పటి లెక్కలో పర్సనల్ బ్రాండ్ అంటే అంతకన్నా ఏం కావాలి? రీళ్లు లేవు, పోస్టర్లు లేవు. కాళ్లకి గజ్జెలు కట్టి, ఒక్కరే పాడి ఆడి చెప్పి, కథకి పిలిచినవాళ్లు మళ్లీ పిలిచేలా చెప్పారు. రాజాం నుంచి లేచిన జీఎంఆర్ కంపెనీ కూడా చూడండి, మూడు ఇంగ్లీషు అక్షరాలే అయినా అవి గ్రంధి మల్లికార్జునరావు అనే ఒక మనిషి పేరు.

ఇప్పుడు పర్సనల్ బ్రాండింగ్ అని నేర్పిస్తున్నది వేరు. రోజుకో పోస్టు, వారానికి మూడు రీళ్లు, పొద్దున్నే ఒక స్ఫూర్తి వాక్యం. మా దగ్గర విజిటింగ్ కార్డులు చేయించుకునే కుర్రాళ్లలో కొందరి కార్డు మీద ఏం చేస్తారో ఉండదు. "మోటివేటర్, ఇన్‌ఫ్లుయెన్సర్, ఆంత్రప్రెన్యూర్" ఉంటుంది. ఏం అమ్ముతావు నాయనా అంటే, "ముందు బ్రాండ్ బిల్డ్ చేస్తున్నా అన్నయ్యా" అంటాడు. వాళ్లని తిట్టబుద్ధి కాదు, ఉద్యోగాల్లేక అటు పోతున్నారు. వాళ్లకి క్లాసులు చెప్పి ఫీజులు గుంజుతున్నవాళ్లని మాత్రం తిట్టబుద్ధవుతుంది.

నేను చూసిన గట్టి బ్రాండుల్లో ఒకటి విజయనగరంలో ఏసీలు, మోటార్లు బాగుచేసే కుర్రాడిది. ఫేస్‌బుక్‌లో కూడా లేడు. మా దగ్గర అగ్గిపెట్టె సైజు స్టిక్కర్లు చేయించుకుంటాడు. వాటి మీద తన పేరు, నంబరు, "సర్వీసు చేసిన తేదీ" అని ఖాళీ, "మార్చిన పార్టు" అని ఖాళీ. పని అయ్యాక పెన్నుతో రాసి మోటారుకే అంటించి వస్తాడు. చెమటకి, నూనెకి పోకూడదని కాగితం వద్దని వినైల్ అడుగుతాడు. మళ్లీ మోటారు ఆగినప్పుడు ఇంటావిడ ఎవర్ని పిలవాలా అని వెతుక్కోదు. అంతకన్నా ముఖ్యం, ఆర్నెల్లకే కెపాసిటర్ పోతే, తను మార్చిందేనని రుజువు తానే అంటించి పెట్టాడు. తప్పించుకునే దారి తనే మూసుకున్నాడు. అలా చేయగలిగినవాడికి లోగో ఎందుకు? మూడు లాంతర్ల దగ్గర నుంచి కంటోన్మెంట్ దాకా అతనికి పని దొరుకుతూనే ఉంది.

డబ్బు మాటా చెప్పుకోవాలి. పేరు పెడితే జీఎస్టీవాళ్ల కంట్లో పడతామని భయం. ఇది ఊరికే పుట్టిన భయం కాదు. ఒకప్పుడు బియ్యం, పప్పులు, పిండి లాంటివి రిజిస్టర్ అయిన బ్రాండ్ పేరుతో అమ్మితే 5 శాతం పన్ను, బ్రాండ్ లేకపోతే లేదు. చాలామంది మిల్లర్లు పేరు రిజిస్టర్ చేయించుకోకుండా తప్పించుకున్నారు. 2022 జూలై 18 నుంచి ఆ లెక్క మారింది. ఈ సరుకులకి బ్రాండ్ ఉందా లేదా అన్నది పోయి, 25 కిలోల దాకా ప్యాక్ చేసి లేబుల్ వేశారా లేదా అన్నది వచ్చింది. అప్పట్నుంచే మనకి 26 కిలోల బియ్యం బస్తా కనబడుతోంది. ఆ అదనపు కిలో ఎందుకొచ్చిందో చాలామందికి తెలియదు. సరే, చెప్పొచ్చేదేమిటంటే, పేరు దాచుకుంటే పన్ను తగ్గే రోజులు పోయాయి. మన రాష్ట్రంలో సరుకులు అమ్మేవారికి ఏడాది టర్నోవర్ 40 లక్షల దాకా మామూలుగా రిజిస్ట్రేషన్ అవసరం లేదు. అయితే హైదరాబాద్‌కో భువనేశ్వర్‌కో అమ్మితే అది వేరే రాష్ట్రం, అప్పుడు లెక్క వేరు. ఆ ఒక్కటి ఆడిటర్ని అడిగి చేసుకోండి, నన్ను కాదు.

రెండో భయం దిష్టి. "పేరు పెద్దదైతే పదిమంది కళ్లూ పడతాయండి, ఎందుకొచ్చిన గొడవ" అంటారు. దీనికి నా దగ్గర సమాధానం లేదు, గుమ్మడికాయ కట్టుకోండి.

మూడోది, పేరుందని తెలిస్తే ప్రతివాడూ ఫోన్ చేసి సతాయిస్తాడని. కొంత నిజం. తాండ్ర ఆవిడకి సంక్రాంతి ముందు హైదరాబాద్ నుంచి ఫోన్లు వచ్చాయి. పండక్కి ఊరొచ్చి పట్టుకెళ్లినవాళ్లు అక్కడ పక్కింటివాళ్లకి పెడితే, వాళ్లు ప్యాకెట్ మీది నంబరు చూసి చేశారు. మన జిల్లాల నుంచి పొట్ట చేత పట్టుకుని పోయినవాళ్లు విశాఖ, హైదరాబాద్, చెన్నై, ముంబై అంతటా ఉన్నారు. బ్రాండ్ కావాలనుకునే ఏ చిన్న వ్యాపారికైనా ఇంత పెద్ద సైన్యం ఊరికే దొరకదు. వాళ్లు అడిగేది కూడా కిరీటం బొమ్మ కాదు, "ఇది మా ఊరి వాళ్లు చేసిందే" అని ఎదుటివాడికి చూపించుకోడానికి ప్యాకెట్ మీద ఒక పేరు. వచ్చిన ఫోన్లలో ఒకటి ఫిర్యాదు. తాండ్ర కాస్త పుల్లగా ఉందని. ఆవిడ "ఆ వాయి కాయ అలాటిది బాబూ, ఇంకోటి పంపుతాను" అని ఆర్టీసీ పార్సిల్‌లో వేరే ప్యాకెట్ పంపారు. అవతలివాళ్లు తర్వాత ఐదు కిలోలు తెప్పించుకున్నారు. దీన్నే మార్కెటింగ్ క్లాసులో స్లైడ్ వేసి చెప్తే నమ్ముతారు, ఆవిడ చేస్తే పల్లెటూరి మంచితనం అంటారు.

కుర్రాడు మాత్రం బాగా పనికొచ్చాడు. వాట్సాప్ బిజినెస్‌లో ధరల పట్టిక పెట్టాడు, గూగుల్ మ్యాప్స్‌లో ఇల్లు పెట్టాడు. ఒక్కటే గట్టిగా చెప్పాను. స్టిక్కర్ మీద ఉన్న పేరు అక్షరం పొల్లుపోకుండా అక్కడా ఉండాలి, నంబరు ఎప్పటికీ మార్చకూడదు. సిమ్ ఆఫర్ వచ్చిందని నంబరు మార్చేసి, అంటించిన వెయ్యి స్టిక్కర్లూ పారేసుకున్న వ్యాపారులు మా షాపుకి కొత్త కాదు.

ఇంతలో అనుకున్నదే జరిగింది. ఒకతను ఆవిడ ప్యాకెట్ పట్టుకుని మా ప్రెస్‌కే వచ్చాడు. "ఇలాగే చెయ్యండి, పేరులో ఒక్కక్షరం మార్చండి చాలు" అన్నాడు. చెయ్యనన్నాను. ఇంకో ప్రెస్‌లో చేయించుకునే ఉంటాడు. అదే పసుపు, అదే ఎరుపు, అదే పిందె బొమ్మతో ఒకటి బజార్లో కనబడుతోంది, ఫోన్ నంబరు మాత్రం దాని మీద లేదు. ఆవిడకి చెప్తే, "నా పేరు పెట్టుకున్నాడంటే బాగుందనే కదా" అని నవ్వారు. కుర్రాడు నవ్వలేదు. ట్రేడ్ మార్క్‌కి దరఖాస్తు వేశాడు. ట్రేడ్ మార్క్ ఆఫీసువాళ్ల పరీక్ష రిపోర్టులో ఏదో అభ్యంతరం వచ్చింది. నెలలోపు జవాబివ్వాలన్నారు, ఇచ్చాం. ఆవిడ ఎన్నాళ్ల నుంచి ఈ పేరుతో అమ్ముతున్నారో చూపడానికి మా ప్రెస్ పాత బిల్లులే పనికొచ్చాయి. అక్కడ ఒప్పుకుంటే ట్రేడ్ మార్క్ జర్నల్‌లో వేస్తారు, నాలుగు నెలల్లో ఎవరైనా అడ్డు చెప్పొచ్చు. ఇంకా తేలలేదు. ఈ వేసవికి మాత్రం స్టిక్కర్ల ఆర్డర్ నిరుటికి రెట్టింపు ఇచ్చారు, ఫోన్ నంబరు ఇంకొంచెం పెద్ద అక్షరాల్లో వేయమన్నారు.